08862: తాలూకా పోయింది, కోడ్ మిగిలింది

వేరే ఊరి నుంచి ల్యాండ్‌లైన్‌కు ఫోన్ చెయ్యాలంటే నంబర్ ముందు కొట్టేది ఎస్టీడీ కోడ్. కోనసీమలోని మా రాజోలుది 08862. అమలాపురానిది 08856. ఏటి అవతలి నరసాపురానిది 08814. కాకినాడ 0884, రాజమండ్రి 0883. నిద్రలో లేపి అడిగినా తడుముకోకుండా చెబుతాను. మా వైపు నా ఈడు వాళ్లు చాలామంది అంతే. ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు, అవసరమే నేర్పింది.

వీటి గురించి రాయాలని ఎప్పటినుంచో ఉంది. నేను పుట్టిన రాజోలు తాలూకా ఇప్పుడు రెవెన్యూ లెక్కల్లో లేదు. 1985లో ఎన్టీఆర్ ప్రభుత్వం తాలూకాలు తీసేసి మండలాలు పెట్టాక రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి, మామిడికుదురు దేనికది అయిపోయాయి. ఎమ్మార్వో ఆఫీసులు వేరు, పనులు వేరు. టెలిఫోన్ వాళ్లు మాత్రం ఈ దేశాన్ని ఫోన్ల కోసం ముక్కలు చేసుకున్నప్పుడు తాలూకానే కొలతగా పెట్టుకున్నారు. ఆ ముక్కను షార్ట్ డిస్టెన్స్ ఛార్జింగ్ ఏరియా అంటారు, పొట్టిగా ఎస్‌డీసీఏ. దేశం మొత్తమ్మీద ఇలాంటివి 2,600కు పైగా ఉన్నాయి. ఒక్కోదానికీ ఒక కోడ్. ఆఫీసు మారింది, బోర్డు మారింది, తాలూకా అన్న మాటే పిల్లలకు తెలియకుండా పోయింది. మా తాలూకా హద్దు మాత్రం 08862 అన్న అంకెల్లో అలాగే ఉండిపోయింది.

ఆ హద్దు ఎవరో స్కేలు పెట్టి గీసింది కాదు, గోదావరి గీసింది. ధవళేశ్వరం దిగువన గోదావరి రెండుగా చీలి గౌతమి తూర్పుకు, వసిష్ఠ పడమరకు పోతాయి. వసిష్ఠ మళ్లీ మా కోనసీమ పి.గన్నవరం దగ్గర వైనతేయను వదులుతుంది. వసిష్ఠ వెళ్లి అంతర్వేది దగ్గర సముద్రంలో కలుస్తుంది, వైనతేయ ఓడలరేవు దగ్గర. ఈ రెండు పాయలకూ సముద్రానికీ మధ్య ఉన్న ముక్కోణం ముక్కే మాది. చుట్టూ నీళ్లే. పాత కాగితాల్లో దీన్ని నగరం లంక అని రాసేవారు. కాటన్ దొర హయాంలో, 1850ల్లో, గన్నవరం దగ్గర ఏటి మీదుగా అక్విడక్టు కట్టి కాలువ నీళ్లు ఇటు తెచ్చాకే మా వైపు వరి పండింది. వైనతేయ దాటితే 08856. వసిష్ఠ దాటితే 08814. సఖినేటిపల్లి రేవులో నిలబడితే ఎదురుగా నరసాపురం మేడలు కనిపిస్తాయి. ఏరు దాటించే పంటు ఎక్కితే కాసేపట్లో అవతల ఉంటాం. అంత దగ్గర ఊరికి ఫోన్ చెయ్యాలంటే మాత్రం ముందు సున్నా కొట్టాల్సిందే, ఎందుకంటే అది వేరే జిల్లా, వేరే కోడ్.

ఈ కోడ్‌లు రాకముందు ట్రంకాల్ రోజులు. మా ఊళ్లో ఫోన్ ఉన్నది రైసు మిల్లులో. గోడకు కొట్టిన చెక్క స్టాండు మీద నల్లటి, బరువైన ఫోను, దాని మీద ఒక తెల్ల తువాలు. ఎక్స్‌ఛేంజికి చేసి నంబర్ చెప్పి కాల్ బుక్ చేస్తే, వాళ్లు కాకినాడనో రాజమండ్రినో పట్టుకుని, అక్కడి నుంచి ఇంకో ఊరిని పట్టుకుని, ఒక చేతి మీద నుంచి ఇంకో చేతి మీదకు మాటను అందించుకుంటూ పోవాలి. ఆర్డినరీ అయితే పూట గడిచిపోయేది. తొందరైతే అర్జెంట్ కాల్, ప్రాణం మీదకు వస్తే లైట్నింగ్ కాల్, దానికి డబ్బులు ఎన్నో రెట్లు. ఫలానా మనిషి లైన్లోకి వస్తేనే కాల్ లెక్క అనుకుంటే పీపీ కాల్ అని విడిగా చెప్పాలి. కాల్ కలిశాక మిల్లు మోత ఆపేవారు. మాట్లాడే మనిషి అరుపుకి వీధిలో వాళ్లకు కూడా విషయం తెలిసిపోయేది. అందుకే ఇంట్లో గుట్టుగా ఉండాల్సిన సంగతులు ఉత్తరాల్లోనే నడిచేవి.

ఆపరేటర్ అక్కర్లేకుండా ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి నేరుగా డయల్ చేసే పద్ధతి మన దేశంలో మొదలైంది 1960 నవంబరులో, కాన్పూరు, లక్నోల మధ్య. అది మా లంకల దాకా రావడానికి ఎనభైల చివరి దాకా పట్టింది. వచ్చినప్పుడు మాత్రం ఆ ఊపే వేరు. 1984లో టెలిఫోన్ పరిశోధన కోసం సీ-డాట్ అనే ప్రభుత్వ సంస్థ పెట్టి, టెలికాం ఇంజనీరు శామ్ పిట్రోడా ఆధ్వర్యంలో పల్లెల కోసం 128 లైన్ల చిన్న ఎక్స్‌ఛేంజి తయారు చేశారు. మొదటిది 1986లో కర్ణాటకలోని కిట్టూరులో పెట్టారు. ఏసీ అక్కర్లేకుండా మన ఎండకూ, దుమ్ముకూ తట్టుకోవాలన్నదే వాళ్ల పట్టుదల. అలాంటిదే ఒకటి మా పక్క ఊరికి వచ్చింది. ఒక పెంకుటింటి ముందు గది అద్దెకు తీసుకుని పెట్టారు. బీరువా అంత పెట్టె, దాని పక్కన బారుగా పేర్చిన బ్యాటరీలు, వాటి ఆమ్లం వాసన. కరెంటు పోయినా ఆ బ్యాటరీల మీద ఫోన్లు పనిచేసేవి. బడి నుంచి వస్తూ కిటికీ ఊచలు పట్టుకుని చూసేవాళ్లం. ఎవరో ఒకరు మాట్లాడుతున్నట్టు లోపల టకటకమని చిన్న చప్పుడు వచ్చేది. లైన్‌మన్ గారు మమ్మల్ని తోలేసేవారు కాదు. "ఇదిగో, ఇప్పుడు మీ మేష్టారు మాట్లాడుతున్నారు" అని చెప్పేవారు. నిజమో కాదో గానీ మేం నమ్మేవాళ్లం.

అప్పటికి ఇంటికి ఫోన్ అంటే మాటలు కాదు. దరఖాస్తు పెట్టి ఏళ్ల తరబడి కూర్చోవాలి. ముందుగా పెద్ద మొత్తం డిపాజిట్ కట్టగలిగిన వాళ్లకు ఓవైటీ, అంటే 'ఓన్ యువర్ టెలిఫోన్' పథకం కింద కాస్త తొందరగా వచ్చేది. మిగతా జనానికి దిక్కు డబ్బులిచ్చి మాట్లాడే పసుపు బోర్డు ఎస్టీడీ బూతే. రాజోలు సెంటర్లో బూతు మొదలైనప్పుడు జనం చూడ్డానికే వచ్చారు. చెక్క చట్రానికి అద్దాలు బిగించిన చిన్న గది, లోపల ఒక స్టూలు, తల మీద తిరిగే బుల్లి ఫ్యాను, ఎదురుగా ఎర్ర అంకెల మీటరు. ఫోన్ ఎత్తిన మనిషి కళ్లు ఆ మీటరు మీద నుంచి పక్కకు పోయేవి కావు. మా నాన్నైతే మాట మధ్యలో, "ఆయ్, మరి ఉంటానండి, ఇరవై దాటేసింది" అని పెట్టేసేవారు. బయటికొస్తే మిషన్ కిర్రుమంటూ చిన్న చీటీ కక్కేది. నంబర్, టైము, మాట్లాడిన సమయాన్ని లెక్కకట్టే పల్సులు, రూపాయలు. ఆ చీటీలు నేను సోషల్ పుస్తకంలో దాచుకునేవాణ్ని.

బూతు లోపలి గోడకు ఒక చార్టు ఉండేది. జిల్లాల వారీగా ఊళ్లు, ఎదురుగా కోడ్‌లు. నాన్న వంతు వచ్చేదాకా దాన్ని చదవడమే నా పని. ఆ చార్టు ముందు నిలబడి నేను నేర్చుకున్నంత భూగోళం బళ్లో కూడా నేర్చుకోలేదనిపిస్తుంది.

ముందు నాకు తట్టింది, కాకినాడ, రాజమండ్రి తప్పిస్తే మా తూర్పు గోదావరి జిల్లా దాదాపు అంతా 885, 886ల్లో ఉందని. పెద్దాపురం 08852, తుని 08854, అమలాపురం 08856, రామచంద్రపురం 08857, మాది 08862, అడవిలో రంపచోడవరం 08864. గోదావరి దాటగానే పశ్చిమ గోదావరి, 881, 882. ఏలూరు 08812, కొవ్వూరు 08813, నరసాపురం 08814, భీమవరం 08816, తాడేపల్లిగూడెం 08818, తణుకు 08819, మెట్టలో జంగారెడ్డిగూడెం 08821. రెండు జిల్లాలకూ నడుమ 883 రాజమండ్రి. తూర్పుకు పోతే విశాఖ 0891, విజయనగరం 08922, శ్రీకాకుళం 08942. అంటే అంకె పెరుగుతుంటే మనం ఉత్తరాంధ్ర వైపు పోతున్నామన్నమాట. ఇటు వస్తే విజయవాడ 0866, గుడివాడ 08674, బందరు 08672, తెనాలి 08644, గుంటూరు 0863. సీమలో అనంతపురం 08554, కడప 08562, చిత్తూరు 08572 వరసగా మెట్లలా ఉంటాయి. తెలంగాణలో నల్గొండ 08682, వరంగల్ 0870, ఆదిలాబాద్ 08732, ఖమ్మం 08742, మహబూబ్‌నగర్ 08542. ఆ మహబూబ్‌నగర్‌కు ఆనుకుని ఉన్న కర్ణాటక రాయచూరు 08532. రాష్ట్రాలు వేరైనా అంకెల్లో ఇరుగూ పొరుగే. ఇది కనిపెట్టిన రోజు నాన్నకు చెబితే ఆయన బూతు ఆయనకు చెప్పారు. ఆయన, "మీవాడు టెలిఫోన్స్‌లో చేరతాడండి" అన్నారు. ఆ మాట నాకు చాలారోజులు గుర్తుంది.

ఇంకా పెద్ద లెక్క తర్వాత అర్థమైంది. దేశాన్ని సున్నా తర్వాత వచ్చే మొదటి అంకెతోనే పంచేశారు. ఢిల్లీ 011, బొంబాయి 022, కలకత్తా 033, మద్రాసు 044. ఆ మహానగరాల చుట్టుపక్కల ప్రాంతాలు ఆయా అంకెల్లో. లక్నో 0522 అయిదులో, భోపాల్ 0755 ఏడులో. కర్ణాటకకూ మనకూ కలిపి ఎనిమిది. పెద్ద ఊరికి కోడ్ చిన్నది. కారణం తేలిక. కోడ్‌లో అంకెలు తగ్గితే ఆ ఊళ్లో నంబర్లకు చోటు పెరుగుతుంది. కోడ్, నంబర్ కలిపి ఇన్ని అంకెలే అని పైనుంచి లెక్క కట్టేశారు మరి. కాకినాడ, రాజమండ్రి, తిరుపతి, నెల్లూరు చిన్న కోడ్‌ల ఊళ్లయ్యాయి. జిల్లా కేంద్రాలై ఉండి కూడా ఏలూరు, ఒంగోలు, కర్నూలు, కడపలకు పొడుగు కోడ్‌లే దక్కాయి. ఒంగోలు బంధువు ఒకాయన దీని మీద నిజంగానే బాధపడేవారు. "జిల్లా కేంద్రం కదయ్యా, 08592 ఏమిటి" అనేవారు.

అప్పట్లో చార్జీ కూడా దూరాన్ని బట్టే. ఇంటి నుంచి ఇంటికి కాదు, ఏరియా కేంద్రం నుంచి ఏరియా కేంద్రానికి గాలిలో గీత గీస్తే ఎంతో అంత. మా తాలూకాలో అంతర్వేది కొసన ఉన్నవాడికీ, రాజోలు సెంటర్లో ఉన్నవాడికీ హైదరాబాదుకు ఒకటే రేటు. పగలు పూర్తి రేటు, సాయంత్రం సగం, ఆ తర్వాత మూడో వంతు, బాగా పొద్దుపోయాక పావు. అందుకే మా వైపు బూతులు రాత్రి పది దాటాక కళకళలాడేవి. పిల్లల్ని భుజానేసుకుని, టార్చిలైట్లు పట్టుకుని జనం వచ్చేవారు. ఆడవాళ్లు బూతు అరుగు మీద కూర్చుని పెళ్లి సంబంధాలు మాట్లాడుకునేవారు. దీనివల్ల నిద్ర లేకుండా పోయింది మాత్రం బూతు ఆయనకే. చాలా బూతులు వికలాంగులకు ఇచ్చారు. మా రాజోలు ఆయనకూ ఒక కాలు పోలియోతో చచ్చుబడింది. ఆ కౌంటరు మీదే ఇద్దరు ఆడపిల్లల్ని చదివించి పెళ్లిళ్లు చేశారు. ఇది నాకు చాలా గొప్పగా అనిపిస్తుంది.

1990 ఆగస్టు గురించి రాయకుండా ఈ కోడ్ గురించి రాయలేను. కోనసీమ నుంచి ఆడవాళ్లు కువైట్ వెళ్లడం అప్పటికే మామూలైపోయింది. అక్కడ ఇళ్లల్లో పనికి. మా చిన్నత్త వెళ్లి అప్పటికి కొన్నేళ్లయింది. నెలకోసారి బూతుకు ఫోన్ వచ్చేది. బూతు కుర్రాడు సైకిలేసుకుని మా ఊరొచ్చి, "మీ కువైట్ అత్త, మళ్లీ చేస్తానందండి" అని కేకేసేవాడు. నాన్న, నాయనమ్మ, నేను పరిగెత్తుకుంటూ వెళ్లేవాళ్లం. నాయనమ్మ ఫోన్‌ను రెండు చేతులతో పట్టుకుని, మాట్లాడేది తక్కువ, వినేది ఎక్కువ.

ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చింది. ఆ రోజు రేడియోలో విని నాన్న బూతుకు వెళ్లి కువైట్ కోడ్ 00965 కొట్టారు. కొట్టినవాళ్లు చాలామంది. ఎవరికీ కలవలేదు. అప్పటికి కడప వైపు వాళ్లూ, మా వైపు వాళ్లూ కువైట్‌లో బోలెడు మంది ఉన్నారు. మర్నాటి నుంచి బూతు ముందు జనం. చేతిలో చీటీలు, చీటీల్లో అయిదారు అంకెలు అలికిపోయిన నంబర్లు. బూతు ఆయన విసుక్కోలేదు. అందరి నంబర్లూ ఒక నోట్‌బుక్కులో ఎక్కించుకుని, జనం ఉన్నా లేకపోయినా ఒకదాని తర్వాత ఒకటి కొడుతూ కూర్చునేవారు. కలవని కాల్‌కు డబ్బులు పడవు కదా అని ఆయన ధైర్యం. నాయనమ్మ తిండి మానేసింది. ఎవరెన్ని చెప్పినా, "దాని గొంతు వినాలి" అనేది.

ఎయిర్ ఇండియా విమానాల్లో లక్షమందికి పైగా మనవాళ్లను జోర్డాన్‌లోని అమ్మాన్ మీదుగా వెనక్కి తెచ్చారన్న సంగతి అందరికీ తెలిసిందే. మా అత్త అందులోనే వచ్చింది. బస్సులో ఎడారి దాటి, శిబిరంలో పడుకుని, బొంబాయిలో దిగి, అక్కడి బూతు నుంచి మా రాజోలు బూతుకు ఫోన్ చేసింది. తన దగ్గర ఉన్నది బూతు నంబర్ కాగితం కూడా కాదు, గుర్తు. కోడ్, నంబర్ నోటికి రావడం వల్లే ఫోన్ చెయ్యగలిగానని తర్వాత చెప్పింది. సామాన్లు, పాస్‌పోర్టు పెట్టుకున్న సంచి, డబ్బులు అన్నీ పోయాయి. కుర్రాడు సైకిల్ మీద వచ్చిన తీరు నాకిప్పటికీ గుర్తు, బెల్లు కొడుతూ వీధి మొదట్నుంచే అరుచుకుంటూ వచ్చాడు. నాయనమ్మ బూతు దాకా నడిచే ఓపిక లేక మా నాన్న సైకిలు వెనక కూర్చుంది. ఫోన్ తీసుకుని మొదట అడిగిన మాట, "అన్నం తిన్నావా అమ్మా?"

తర్వాత నేను చదువుకు హైదరాబాదు వచ్చాను. అప్పుడు హైదరాబాదు కోడ్ 0842. కొన్నాళ్లకే 040 అయింది. డైరీల్లో, పెళ్లి కార్డుల మీద, షాపు బోర్డుల మీద పాతది కొట్టేసి కొత్తది రాసుకున్నారు. పాత బస్తీలో ఒక అత్తరు దుకాణం బోర్డు మీద 0842 చాలా ఏళ్లు అలాగే ఉండేది. బెంగుళూరుకూ ఇదే జరిగింది, 0812 పోయి 080 వచ్చింది. నంబర్లు అయిపోతున్నాయి కాబట్టి సున్నా కాక రెండంకెలే ఉన్న కోడ్ ఇచ్చి చోటు చేశారు. రాష్ట్రమంతా ఎనిమిదిలో ఉంటే రాజధాని వెళ్లి తమిళనాడు, కేరళల నాలుగులో కలిసింది. చార్టు చదివి పెరిగిన నాకు అది కాస్త వెలితిగా ఉండేది.

1995 జనవరి 8న పాశర్లపూడి దగ్గర ఓఎన్‌జీసీ బావి పేలింది. రెండు నెలలకు పైగా మంట ఆరలేదు. ఎన్నో మైళ్ల దూరానికి కూడా రాత్రి వెలుగు కనిపించేదని ఇంటివాళ్లు చెప్పేవారు. ఆ రోజుల్లో హాస్టల్ దగ్గరి బూతులో కోనసీమ వాళ్లం ఒకరికొకరం పరిచయమయ్యాం. పక్కవాడు 08856 కొడుతుంటే, నేను 08862 కొడుతుంటే, ఎవరిదేవూరని అడగక్కర్లేదు. అయిదు అంకెలు వినిపిస్తే చాలు, ఏటికి ఏ ఒడ్డువాడో తెలిసిపోయేది.

ఆ మరుసటి ఏడాదే తుఫాను. 1996 నవంబరు 6 రాత్రి. కాకినాడకు దక్షిణంగా తీరం దాటి కోనసీమను తుడిచిపెట్టేసింది. వెయ్యి మందికి పైగా పోయారు. భైరవపాలెం మత్స్యకారుల్లో ఎందరో వెనక్కి రాలేదు. కొబ్బరి చెట్లు లక్షల్లో పడిపోయాయి. చెట్టు పడితే తీగ తెగుతుంది, స్తంభం ఒరుగుతుంది. మా తాలూకాలో కొబ్బరి చెట్టు లేని స్తంభం లేదు. పొద్దున్నే బూతుకు పరిగెత్తి 08862 కొట్టాను. "ఈ రూటులోని లైన్లన్నీ రద్దీగా ఉన్నాయి, దయచేసి కొద్దిసేపు ఆగి ప్రయత్నించండి" అని తెలుగులో, హిందీలో, ఇంగ్లీషులో రికార్డు గొంతు. 08856కు కొట్టినా అదే. టెన్షన్‌తో 08814 కొట్టి నరసాపురంలో నాన్న స్నేహితుడి ఇంటికి ప్రయత్నించాను. అది ఏటి అవతల, పడమటి ఒడ్డు. అది మోగింది. ఆయనే పంటు మళ్లీ తిరగడం మొదలెట్టగానే ఏరు దాటి, చెట్లు పడ్డ రోడ్డు మీద నడిచి మా ఊరు వెళ్లి, తిరిగొచ్చి నాకు ఫోన్ చేశారు. "అందరూ బాగున్నారు బాబూ, ఇంటి కప్పు పోయింది, మనుషులు ఉన్నారు" అన్నారు. ఆయన చేసిన ఆ మేలు మా ఇంట్లో ఎవరమూ మరచిపోం.

రెండు వేల తర్వాత మార్పులు వరసపెట్టి వచ్చాయి. 2000 అక్టోబరు 1న టెలిఫోన్ శాఖ బీఎస్ఎన్ఎల్ అయింది. రాష్ట్రంలో దగ్గరి ఊళ్లకు 95 కొట్టి, కోడ్‌లో సున్నా తీసేసి చేస్తే చవక అన్నారు. అమలాపురానికి 95-8856, నరసాపురానికి 95-8814. అమ్మ దాన్ని గోడ మీద పసుపుతో రాసుకుంది. తర్వాత నంబర్ల ముందు 2 చేర్చారు. అప్పటి నుంచి సున్నా తీసేస్తే కోడ్, నంబర్ కలిసి పది అంకెలు. మాది 8862కు ఆరు, రాజమండ్రిది 883కు ఏడు, హైదరాబాదుది 40కి ఎనిమిది. లెక్క బాగా కుదిరింది. 2006 మార్చిలో దేశంలో ఎక్కడికైనా నిమిషానికి రూపాయి అయ్యాక పావు రేటు కోసం రాత్రి మేలుకునే అవసరమే పోయింది. అప్పటికే సెల్ ఫోన్లు ఊరూరా వచ్చేశాయి. రాజోలు బూతు ఆయన ముందు సెల్ రీఛార్జి కార్డులు పెట్టారు, తర్వాత జెరాక్స్ మిషన్, ఆ తర్వాత కౌంటరు అల్లుడికి అప్పగించి విశ్రాంతి తీసుకున్నారు.

2014 జూన్‌లో రాష్ట్రం రెండయింది. బండ్ల నంబర్లు మారాయి, ఆఫీసుల బోర్డులు మారాయి. ఎస్టీడీ కోడ్‌లు ఒక్క అంకె కూడా మారలేదు. ఖమ్మం, రాజోలు ఇప్పటికీ ఒకే ఎనిమిదిలో ఉన్నాయి. 2022 ఏప్రిల్ 4న అమలాపురం కేంద్రంగా కోనసీమ జిల్లా వచ్చింది. మా వాళ్లు ఎంతోకాలంగా కోరుకున్నది. 885, 886ల తూర్పు గోదావరి మూడు నాలుగు జిల్లాల్లోకి వెళ్లిపోయింది. కోడ్‌లు మాత్రం పాత జిల్లానే చూపిస్తాయి.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఉదాహరణ యానాం. ఫ్రెంచివాళ్ల చేతి నుంచి 1954లో మన దేశంలోకి వచ్చిన ఊరు. పాలన పుదుచ్చేరిది. ఆ పుదుచ్చేరి కోడ్ 0413. యానాం కోడ్ మాత్రం కాకినాడ 0884, పిన్ కోడ్ కూడా మన వైపుదే, 533464. గౌతమి మీద లోక్‌సభ స్పీకరుగా చేసిన బాలయోగి గారి పేరు పెట్టిన వంతెన ఎక్కి ఎదుర్లంకలో దిగితే 08856 మొదలవుతుంది. రాజకీయ పటంలో యానాం ఎక్కడో దక్షిణాన ఉన్న పట్టణానికి అనుబంధం. టెలిఫోన్ పటంలో అది గోదావరి ఊరే. మనుషుల రాకపోకలు, బంధుత్వాలు, బజారు ఎటు ఉన్నాయో ఆ పటమే సరిగ్గా చెబుతుందని నా నమ్మకం.

మా అమ్మ ల్యాండ్‌లైన్ తీసెయ్యలేదు. రాగి తీగ పోయి ఫైబర్ వచ్చింది, ఇంటర్నెట్‌తో పాటు పాత నంబరే ఉంచారు. 2021 జనవరి నుంచి ల్యాండ్‌లైన్ నుంచి సెల్‌కు చెయ్యాలంటే ముందు సున్నా కొట్టాలి. అది అమ్మకేం కొత్త కాదు, జీవితమంతా నరసాపురానికి కూడా సున్నా కొట్టిన మనిషి. కువైట్ అత్త ఇప్పుడు మలికిపురంలో ఉంటుంది. తన సెల్‌లో మా ఇంటి నంబర్ పేరు పెట్టి దాచుకోలేదు. ఇప్పటికీ 08862 నుంచి మొదలెట్టి అన్ని అంకెలూ తనే నొక్కుతుంది.